వేటకుక్కకు ఇనాం

సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాసి ఇమ్మని కార్యదర్శి గారు రెండు నెలలుగా అడుగుతున్నారు. డి.ఎ. బకాయిల గురించి, హెల్తు కార్డుల గురించి వ్రాయగల సమర్థులు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. నేను వ్రాయబోయేది పాతకాలపు వేటకుక్కల గురించి. పెన్షనర్ల పత్రికలో ఈ కుక్కల పురాణం ఏమిటని నవ్వుకోకండి. చివరిదాకా చదివితే ఇదీ మన పెన్షను సంగతేనని మీకే తెలుస్తుంది.

కొన్నేళ్ళ క్రితం మా అబ్బాయి దగ్గరకు బెంగుళూరు వెళ్ళినప్పుడు, మనవడిని వెంటబెట్టుకుని కస్తూర్బా రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియంకు పోయాను. రాళ్ళూ విగ్రహాలూ చూసి వాడికి విసుగు పుట్టింది. ఇంతలో ఒక బండ దగ్గర ఆగి, "తాతా, ఇక్కడ కుక్కా పందీ కొట్లాడుతున్నాయి" అన్నాడు. చూస్తే నిజమే. చుట్టూ పాత కన్నడ అక్షరాలు, వాటి నడుమ ఒక వేటకుక్క, ఒక అడవిపంది తలపడుతున్నట్టు చెక్కి ఉన్నాయి. అది ఆతకూరు శాసనం. ఇంటికి వచ్చాక దాని గురించి పుస్తకాలు తిరగేశాను.

ఆతకూరు మండ్య జిల్లాలోని ఊరు. శాసనం శక సంవత్సరం 872 నాటిది, అనగా క్రీ.శ. 949-50. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు తక్కోలం యుద్ధంలో చోళులను ఓడించాడు. ఆయన పక్షాన గంగరాజు బూతుగుడు పోరాడాడు. బూతుగుని వెంట మణలేరుడనే వీరుడు ఉన్నాడు. అతని శౌర్యానికి మెచ్చి, ఏం కావాలో కోరుకొమ్మన్నారు. మణలేరుడు ఊళ్ళూ అడగలేదు, బంగారమూ అడగలేదు. కాళి అనే వేటకుక్కను ఇమ్మన్నాడు. ఇచ్చారు. తరువాత ఆ కుక్కను ఒక పెద్ద అడవిపంది మీదికి వదిలితే, రెండూ పోరాడి రెండూ చచ్చాయి. మణలేరుడు ఆ కుక్క పేరిట గుడి ముందర రాయి నిలిపి, భూమి ఇనాం ఇచ్చాడు. ఆ రాతికి పూజ చేయకుండా గుడి చూసుకునే గొరవ భోజనం చేయకూడదని కట్టడి కూడా చేశాడు.

నేను ముప్పై ఏడేళ్ళు సర్కారు కాగితాలు వ్రాసినవాణ్ణి. ఆ రాయి చూస్తే నాకు కనపడింది ఒక ఉత్తర్వు. ఉద్యోగి పేరు కాళి. డ్యూటీలో ఉండగా మరణం. భూమి మంజూరు, ఏ పని నిమిత్తమో వివరం, ఉల్లంఘించినవారికి శిక్ష. వెయ్యేళ్ళు దాటినా ఆ ఉత్తర్వు చెరగలేదు. మన సర్వీసు రిజిస్టర్లు ముప్పై ఏళ్ళకే చెదలు తింటున్నాయి!

ఆ కాలంలో మన సీమలోని వైదుంబులు కూడా రాష్ట్రకూటులకు సామంతులే. కాబట్టి ఆ రాయి పరాయి దేశపుది అనుకోనక్కరలేదు. మన వైపు కథలలోనూ వేటకుక్క అడుగడుగునా ఉంది. కన్నప్పనే తీసుకోండి. శివుడికి కన్ను పెరికి ఇచ్చిన ఆ తిన్నడు వేటగాడు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో ఆయన కథ చెప్పాడు, ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో చెప్పాడు. రాజంపేట దగ్గరి ఊటుకూరే ఆయన ఊరని అక్కడివారి నమ్మకం. విజయనగరం పుట్టుక కథా వేటకుక్కలదే. కుక్కలు తరిమిన కుందేలు ఒకచోట వెనుదిరిగి కుక్కలనే ఎదిరించిందనీ, విద్యారణ్యుల వారు అది వీరభూమి అని చెప్పగా అక్కడ నగరం కట్టారనీ చిన్నప్పుడు మనమందరం చదివినదే. 16వ శతాబ్దంలో ఆ రాజ్యానికి వచ్చిన పోర్చుగీసువాడు నూనిజ్ కూడా ఈ కథ వ్రాసిపెట్టుకున్నాడు. కమలాపురం దగ్గరి కోకటం అగ్రహారం అనుభవించిన అల్లసాని పెద్దన గారి మనుచరిత్రలో స్వరోచి వేట ఘట్టం సంగతి తెలుగు పండితులకు నేను చెప్పనక్కరలేదు.

మన దేవుళ్ళకూ వేట ఉంది. అహోబిలం నరసింహస్వామి కనుమనాడు పారువేటకు బయలుదేరి, సుమారు నలభై అయిదు రోజులు ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతాడు. చెంచులు పల్లకీ మీదికి బాణాలు వేసి సాగనంపుతారు. ఇక దేవరగట్టు వైపు మైలారలింగని గొరవయ్యలను చూసినవారికి తెలుసు. వారు తాము స్వామి కుక్కలమని చెప్పుకుని, కుక్కలా మొరిగి దోనెలో ప్రసాదం తింటారు. ఆతకూరు రాతిమీద గొరవ అన్న మాట చదవగానే నాకు వారే గుర్తుకు వచ్చారు.

వేటకుక్క పని ఎట్లా ఉండేదో ఈ కాలపు పిల్లలకు తెలియదు. అందులో రెండు తెగలు. చూపుతో పరుగెత్తేది ఒకటి. పొడవు కాళ్ళు, లోతు రొమ్ము, సన్నని నడుము. కుందేలుకూ జింకకూ బయలు నేలలో ఇది. కర్ణాటకలోని ముధోల్ కుక్క ఈ కోవలోనిది. రెండవది వాసన పట్టి పోయేది, పొదలో దూరి మొరిగి జాడ చెప్పేది. పందివేటకు మొండి ధైర్యం ఉన్నది కావాలి. దక్షిణాదిలోని ఒక జాతి వేటకుక్కకు ఇంగ్లీషువాళ్ళు పాలెగారు కుక్క అనే పేరు పెట్టారు. అరవదేశంలోని రాజపాళయం కుక్కను ఆ తెగదే అంటారు. రాజపాళయం రాజులు విజయనగర కాలంలో మన ఆంధ్ర దేశం నుండి వలసపోయిన తెలుగువారు. 2005 జనవరి 9న మన తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కల మీద స్టాంపులు వేసింది. వాటిలో ముధోల్, రాజపాళయం రెండూ ఉన్నాయి.

నేను ఎరిగిన వేటకుక్కకు మాత్రం జాతి పేరు లేదు. దాన్ని కర్రోడు అనేవారు. నల్లగా ఉండేది. మా ఊరు కోయిలకుంట్లకు దగ్గరలో, కుందూ ఒడ్డున. మా ఊరి బోయ పెద్దాయన ఒకడు, మేమంతా మామా అని పిలిచేవాళ్ళం, పంటచేల కావలి చేసేవాడు. జొన్న పాలుపోసుకునే వేళకూ బుడ్డలు ఊరే వేళకూ రాత్రుళ్ళు పందులు దిగేవి. ఒక్క రాత్రిలో ఎకరా తిరగదోడేవి. మామ దగ్గర ఒక ఈటె, ఒక లాంతరు, కర్రోడు, వాని వెంట రెండు కుర్రకుక్కలు.

"కర్రోడు పందిని చంపుతాడా మామా?" అని నేను అడిగితే మామ నవ్వేవాడు. "చంపేదానికి పోయిన కుక్క బతకదు నాయనా. వాని పని నిలబెట్టేది. మనిషి వచ్చేదాకా దాన్ని కదలనీకుండా నిలబెట్టినాడంటే వాని ఉద్యోగం అయిపోయినట్టే" అనేవాడు. పంది కోర చీల్చిన చోట పసుపూ వేపనూనే పూసి గుడ్డ చుట్టేవాడు. కొత్త కుక్కకు పని నేర్పేది మనిషి కాదు, ముసలి కుక్కే. మన ఆఫీసుల్లో కొత్తగా చేరిన గుమాస్తాకు హెడ్డు గుమాస్తా నేర్పినట్టే.

కళ్ళాలప్పుడు మామకు మేర ఇచ్చేవారు. మా అబ్బ తన కళ్ళంలో మామ మేర కొలిచాక, ఇంకొక చాట జొన్నలు పోసి "ఇది కర్రోనిది" అనేవాడు. నవ్వులాటకు అన్న మాట కాదు. ప్రతి ఏడూ పోసేవాడు.

దొరల వేటల సంగతికి వద్దాం. తెల్లదొరలు అడవులున్న ప్రతిచోటికీ తుపాకీతోబాటు కుక్కలనూ తీసుకుపోయారు. శామ్యూల్ బేకర్ అనే ఆయన సింహళంలో కణుజులను కుక్కలతో వేటాడి, పుస్తకం వ్రాశాడు. తన కుక్కలను పేరు పేరునా తలచుకున్నాడు. అమెరికాలో ప్లాట్ అనే కుటుంబం 1750 ప్రాంతంలో జర్మనీ నుండి తెచ్చుకున్న కుక్కలతో ఎలుగుబంటి వేటకు ఒక జాతినే తయారు చేసింది.

ఆ దేశపు కథ ఒకటి చెబుతాను. 1902 నవంబరులో అధ్యక్షుడు థియోడోర్ రూజ్వెల్ట్ మిసిసిపీ రాష్ట్రానికి ఎలుగువేటకు వెళ్ళాడు. వేట నడిపినవాడు హోల్ట్ కాలియర్ అనే నల్లజాతి వేటగాడు. బానిసగా పుట్టినవాడు. అతని కుక్కలు ఎలుగును తరిమి తరిమి ఒకచోట నిలబెట్టాయి. అధ్యక్షుడు ఆ సమయానికి అక్కడ లేడు. ఎలుగు ఒక కుక్కను చంపింది. కాలియర్ తుపాకీ మడమతో దాని తలమీద మోది, చెట్టుకు కట్టివేసి కబురు పంపాడు. కట్టిపడేసిన జంతువును కాల్చడం తనకు తగదని రూజ్వెల్ట్ అన్నాడు. పత్రికలో బొమ్మ పడింది. ఆయన ముద్దుపేరు మీద టెడ్డీబేర్ అనే ఆటబొమ్మ పుట్టింది. నేడు మన కోయిలకుంట్ల బజారులోనూ ఆ బొమ్మ దొరుకుతుంది. పిల్లలకు టెడ్డీ తెలుసు. కాలియర్ ఎవరికి తెలుసు? చచ్చిన ఆ కుక్క ఎవరికి తెలుసు?

మన సీమ చరిత్రలోనూ ఇంతే. పాలెగాళ్ళ గుర్రాలూ బురుజులూ మనకు తెలుసు. వారి వెనుక నడిచినవారి లెక్క తక్కువ. నిజాం 1800లో ఈ జిల్లాలను కుంపిణీకి దత్తం చేసినప్పుడు, మన్రో దొర ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఉన్నాడు. అప్పటికి సీమలో ఎనభై మంది వరకు పాలెగాళ్ళు ఉన్నారు. వారి బలగాన్ని అణచి, కొందరికి పింఛన్లు కట్టాడు. పాలెగాని కొలువులోనూ ఊరి కావలిలోనూ ఉన్న కట్టుబడి మనుషులకు ఇనాం భూములు ఉండేవి. వారిలో బోయలు చాలామంది. వేటా కావలీ వంశపారంపర్యంగా తెలిసినవారు. కాలక్రమాన సర్కారు ఆ ఇనాములు తీసేసుకోసాగింది. పని చేసినన్నాళ్ళు చేయించుకుని, ఇప్పుడు మీ పని అక్కరలేదు, భూమి ఇచ్చేయండి అన్నారు.

ఆ మంటే మన ఊళ్ళో రాజుకుంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గారికి కుంపిణీ ఇచ్చిన పింఛను నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సం వారి బంధువు పోయిన తరువాత ఆ పింఛనులో భాగం తనకు రావాలని ఆయన అడిగితే ఇవ్వలేదు. ఇనాములు పోయిన కట్టుబడి వారు ఆయన వెంట నడిచారు. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న ఇదే కోయిలకుంట్లలో ఆయనను ఉరి తీశారు. తలను 1877 దాకా కోట బురుజున వేలాడదీశారు. అప్పటికి మన తాలూకా కడప జిల్లాలోనిది. 1858లో కర్నూలు జిల్లాలో కలిసింది. 2022 నుండి నంద్యాల జిల్లా. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా, తొలి తిరుగుబాటు లేచింది పింఛను దగ్గర, ఇనాం దగ్గర అన్నది మాత్రం మారదు. మన సంఘం వారు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

ఇక కర్రోని కథ ముగించాలి. ఇన్నేళ్ళూ ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఇంటివాళ్ళు కూడా ఈ సంచికలోనే చదువుతారు.

1965-66లో కరువు వచ్చింది. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. పంట లేదు, కళ్ళం లేదు, మేర లేదు. బోయ మామ సంసారంతో నాగార్జునసాగర్ డ్యాం పనులకు వలస పోయాడు. అంతకు ముందటి ఏడే కర్రోని ముందరి కాలు పంది చీల్చింది. వాడు కుంటుతున్నాడు, అంత దూరం నడవలేడు. "అన్నా, వాన్ని చూసుకోండి" అని మామ మా అబ్బకు అప్పజెప్పి పోయాడు. కర్రోడు మా ఇంటికి రాలేదు. ఊరి చివర, తలుపు మూసిన ఆ కొట్టం ముందరే పడుకున్నాడు.

అబ్బకు అప్పటికే మోకాళ్ళు పట్టేసి నడక లేదు. ప్రతి పూటా తన జొన్నసంకటి ముద్దలో సగం విరిచి నా చేతికి ఇచ్చి పంపేవాడు. మొదట కొన్నాళ్ళు పెట్టి వచ్చాను. తరువాత ఒకరోజు దారిలో నేనే తిన్నాను. ఆకలి. మరునాడూ తిన్నాను. ఆ తరువాత కొట్టం వైపు పోవడమే మానేశాను. వాని కళ్ళలోకి చూడాల్సి వస్తుందని.

"పెట్టొచ్చినావా రా?"

"పెట్టొచ్చినాను అబ్బా."

ఇట్లా ఇరవై రోజులు జరిగింది. ఒక పొద్దున అబ్బ కట్టె ఊతంతో తానే బయలుదేరాడు. నేను వెనకాల పోయాను. కర్రోడు ఆ తలుపు ముందరే చచ్చిపడి ఉన్నాడు. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. అబ్బ చాలాసేపు చూశాడు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. గుంత తీయమన్నాడు. తీశాను. తిరిగి వస్తూ ఒక్కమాట అన్నాడు: "పని చేసినోళ్ళకు పెట్టేది దానం కాదు రా. బాకీ."

వానలు పడ్డాక మామ తిరిగి వచ్చాడు. కర్రోడు ఏడీ అని అడిగాడు. నేను అబ్బ వెనుక నిలబడి ఉన్నాను. "వయసై పోయింది తమ్ముడూ" అన్నాడు అబ్బ. నా పేరు ఎత్తలేదు. మామ ఆ గుంత మీద ఒక బండరాయి పెట్టాడు. అక్షరాలు లేని రాయి. ఇప్పుడు అక్కడ ఇళ్ళు లేచాయి. రాయి ఏమైందో ఎవరినీ అడగలేదు.

1971లో నేను తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. మరుసటి ఏడే, 1972లో, వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కుక్కలతో తరమడం కూడా వేట కిందికే వస్తుందని అందులో ఉంది. ఆ చట్టం అవసరమే. వేటలు ఆగకపోతే జింకలు బొమ్మల్లోనే మిగిలేవి. 1988లో రోళ్ళపాడులో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం పెట్టారు. అక్కడ కృష్ణజింకలు గుంపుగా పరుగెత్తడం చూశాను. కళ్ళు చల్లబడ్డాయి. వేట పోయినందుకు నాకు విచారం లేదు. కానీ వేటతోనే బ్రతికిన మనుషులకూ, వారి కుక్కలకూ మరి ఏ గతి అని చట్టం వ్రాసినవారు ఒక పేరా అయినా వ్రాసి ఉండవలసింది అనిపిస్తుంది. ముధోల్ కుక్కలను 2016లో సైన్యం శిక్షణకు తీసుకున్నదని పేపర్లో చదివినప్పుడు, ఒక జాతికైనా మళ్ళీ కొలువు దొరికిందని సంతోషించాను.

సర్వీసు చివరి రోజుల్లో నేను పెన్షను ఫైళ్ళు చూశాను. ఒక ఆఫీసులో ఒక అటెండరు భార్య ఫ్యామిలీ పెన్షను ఫైలు, భర్త పుట్టినతేదీ రెండుచోట్ల రెండు రకాలుగా ఉందని పదకొండు నెలలు పక్కన పడి ఉంది. ఆమె వచ్చి బెంచీ మీద కూర్చునేది, ఏమీ అడిగేది కాదు. పై అధికారి "చూద్దాంలేవయ్యా" అన్నాడు. ఆ రోజు నాకు కర్రోడు పడుకున్న ఆ తలుపు కనపడింది. ఆదివారం కూర్చుని, పాత హాజరుపట్టీలు వెతికి, సరైన తేదీ పట్టుకుని, నోటు వ్రాసి సంతకాలయ్యేదాకా వెంటపడ్డాను. నా గొప్ప చెప్పుకోవడానికి ఇది వ్రాయలేదు. ఇరవై రోజుల సంకటి బాకీలో ఒక ముద్ద తీర్చానేమో, అంతే.

2008లో రిటైరయ్యాను. ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చేటప్పుడు, బ్రతికి ఉన్నానని రుజువు చూపించుకోవాలా అని కొందరు మిత్రులు నొచ్చుకుంటారు. నాకు మాత్రం ఆతకూరు రాయి గుర్తుకు వస్తుంది. చచ్చిన కుక్కకు వెయ్యేళ్ళు నిలిచే కాగితం వ్రాసిచ్చిన మణలేరుడు గుర్తుకు వస్తాడు. మన సభ్యుల కుటుంబాలలో ఇంకా ఫైలు కదలనివారు, బెంచీ మీద కూర్చుని ఏమీ అడగనివారు ఎవరైనా ఉంటే సంఘానికి తెలియజేయండి. కాగితాలు వ్రాయడానికి నా చేయి ఇంకా ఆడుతోంది.

సెలవు.